మృగశిర కార్తెలో మృగశిర కనిపించదు

జూన్ 8కి ఒకరోజు అటూ ఇటూగా జహీరాబాద్‌లో మిరుగు, అంటే మృగశిర కార్తె, వస్తుంది. ఆ రోజు చేపల దుకాణాల ముందు జనం, విత్తనాల దుకాణాల ముందు ఇంకా ఎక్కువ జనం. రోహిణిలో రోళ్లు పగిలే ఎండ అయిపోయి మొదటి వాన పడితే కంది, పెసర, మినుము ఎర్ర నేలల్లోకి దిగుతాయి. చుట్టుపక్కల ఊళ్లలో ఏ పెద్దాయనను అడిగినా పంచాంగం తియ్యకుండానే మిరుగు, ఆరుద్ర, పునర్వసు, పుష్యమి అంటూ వేళ్ల మీద లెక్క చెప్తాడు. అదే రాత్రి ఆయనతో కలిసి ఆకాశంలో మృగశిర కోసం వెతికితే మాత్రం దొరకదు. మబ్బు లేకపోయినా దొరకదు.

కారణం తేలికే. కార్తె అంటే సూర్యుడు ఆ నక్షత్రం దగ్గర ఉండే రోజులు. సూర్యుడు నడిచే బాటను 27 భాగాలు చేస్తే ఒక్కో భాగం 13 డిగ్రీల 20 నిమిషాలు. దాన్ని దాటడానికి సూర్యుడికి పదమూడు, పద్నాలుగు రోజులు పడుతుంది. సూర్యుడి పక్కనున్న నక్షత్రం పొద్దుటే ఆయనతో లేచి, సాయంత్రం ఆయనతోనే కుంగుతుంది. కాబట్టి రైతు ఏ నక్షత్రం పేరు చెప్పి నాగలి కడతాడో ఆ నక్షత్రం అప్పుడు కంటికి ఆనదు. దూరదర్శిని దగ్గర పనిచేసే ఖగోళ పరిశోధకుడికి కావలసింది దీనికి సరిగ్గా తిరగేసిన లెక్క. కార్తెకు ఆరు నెలలు కలపాలి. మృగశిర జూన్‌లో మాయమైతే డిసెంబరు రెండో వారంలో అర్ధరాత్రి నడినెత్తి దగ్గర ఉంటుంది. పునర్వసు జులైలో మాయమైతే జనవరిలో రాత్రంతా తనదే.

పరిశోధనా దూరదర్శిని మీద నాలుగు రాత్రులు సంపాదించి వాటిని వాడుకోవడం అనే విద్య ఈ ఒక్క కూడికతో మొదలవుతుంది. బయటివాళ్లకు ఖగోళ శాస్త్రవేత్త అనగానే రాత్రి, చలి, కంటి ముందు అద్దం గుర్తొస్తాయి. పనిలో ఉన్నవాళ్లకు గుర్తొచ్చేది కాగితం. రాత్రి కన్నా దానికి ముందరి పగళ్లే ఎక్కువ, వాటిలో చేసే లెక్కలే ఎక్కువ.

జహీరాబాద్‌నే తీసుకుందాం. అక్షాంశం సుమారు 17.7 డిగ్రీలు, రేఖాంశం 77.6. ఈ రెండు అంకెలు చేతిలో ఉంటే సగం ఆకాశం తెలిసినట్టే. ధ్రువ నక్షత్రం ఉత్తర దిక్కున దాదాపు 17.7 డిగ్రీల ఎత్తులో, అంటే చాలా కిందుగా ఉంటుంది. మన గడియారం 82.5 డిగ్రీల రేఖాంశానికి కట్టింది కాబట్టి అది 12 కొట్టాక ఇంకో 20 నిమిషాలకు గానీ జహీరాబాద్‌కు సగటున అసలు మధ్యాహ్నం కాదు. అర్ధరాత్రీ అంతే. ఏ తార ఎంత ఎత్తుకు ఎక్కుతుందో చెప్పడానికి ఒక తీసివేత చాలు. తార క్రాంతికీ (ఆకాశంలో దాని అక్షాంశం లాంటిది) ఊరి అక్షాంశానికీ మధ్య తేడాను 90 నుంచి తీసెయ్యాలి. అగస్త్య నక్షత్రం క్రాంతి దక్షిణంగా 52.7 డిగ్రీలు. జహీరాబాద్ నుంచి అది దాదాపు 20 డిగ్రీలు లేస్తుంది. లద్దాఖ్‌లోని హాన్లే నుంచి చూస్తే అయిదు డిగ్రీలు కూడా లేవదు.

ఎత్తుకు ఇంత పట్టింపు ఎందుకంటే గాలి వల్ల. నడినెత్తిన ఉన్న తార వెలుగు ఒక వంతు గాలిని దాటి వస్తుందనుకుంటే, 30 డిగ్రీల ఎత్తులో ఉన్న తార వెలుగు రెండు వంతులు దాటాలి. ఇంకా కిందికి పోతే వెలుగు మసకబారుతుంది, ఎర్రబారుతుంది, వణుకుతుంది. అందుకే పరిశీలకులు 30 డిగ్రీల దగ్గర గీత గీసుకుంటారు. గీత కింద ఉన్న తారను తప్పనిసరైతే తప్ప ముట్టుకోరు.

ఈ లెక్కలను తెలంగాణ నేల మీద వరసగా తరాల పాటు చేసిన చోటు ఒకటుంది. నవాబ్ జఫర్ జంగ్ 1901లో హైదరాబాద్ ఫిసల్‌బండలో తన సొంత డబ్బుతో ఒక వేధశాల మొదలుపెట్టాడు. ఇంగ్లండు నుంచి దూరదర్శినులు తెప్పించాడు. అదే నిజామియా వేధశాల. 1908లో నిజాం ప్రభుత్వం చేతికి వచ్చింది, తరవాత బేగంపేటకు మారింది, 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయం కిందికి చేరింది. ప్రపంచంలోని వేధశాలలు ఆకాశాన్ని పట్టీలుగా పంచుకుని ఫొటోలు తీసి నక్షత్రాల జాబితా తయారు చేద్దామని పందొమ్మిదో శతాబ్దం చివర ఒప్పందం చేసుకున్నాయి. మొదట చిలీలోని సాంటియాగోకు రాసిపెట్టిన పట్టీ, దక్షిణ క్రాంతి 17 నుంచి 23 డిగ్రీల వరకు, చివరకు హైదరాబాద్‌కు వచ్చింది. తరవాత ఉత్తరాన 36 నుంచి 39 డిగ్రీల పట్టీ కూడా. మొత్తం ఏడున్నర లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలు ఇక్కడ కొలిచారు. ఫొటో అంటే గాజు పలక మీద పూసిన మందు. ఒక్కో పలక మధ్యబిందువు ఎక్కడ పడాలో ముందే నిర్ణయమై ఉంటుంది. ఏ రాత్రి ఏ పలక అన్నది గుమ్మటం తెరవకముందే తేలాలి. తప్పు చోట తీసిన పలకను చెరిపి మళ్లీ వాడుకోవడానికి వీల్లేదు మరి.

నగరం వెలుగు పెరిగాక ఉస్మానియా ఖగోళ విభాగం ఇబ్రహీంపట్నం వైపు జాపాల, రంగాపూర్ గ్రామాల దగ్గరికి వెళ్లింది. 1968లో అక్కడ 48 అంగుళాల దూరదర్శిని వెలిసింది. అప్పట్లో ఆసియాలోని పెద్దవాటిలో అదొకటి. కృష్ణ దామోదర్ అభ్యంకర్ దాన్ని నడిపినవారిలో ముఖ్యులు. ఆ వేధశాల వాళ్లకు బాగా పట్టుబడిన విద్య జంట నక్షత్రాల గ్రహణాలు. రెండు తారలు ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతూ, మన వైపు నుంచి చూస్తే ఒకటి ఇంకోదాన్ని కప్పుతుంది. అప్పుడు వెలుగు తగ్గి మళ్లీ పెరుగుతుంది. ఆ తగ్గుదలను నిమిషం నిమిషం కొలిచి, వర్ణపటం కొలతలు కూడా కలిపితే తారల సైజు, బరువు, ఆకారం బయటపడతాయి.

శర్మ, వివేకానందరావు, అభ్యంకర్ కలిసి 1996లో ఒక పరిశోధనా పత్రం రాసిన ఆర్ కేనిస్ మేజోరిస్ అనే జంటను ఉదాహరణగా పెట్టుకుంటే, పరిశీలనకు సిద్ధం కావడం అంటే ఏమిటో విప్పి చూపొచ్చు. సిరియస్ ఉన్న తారామండలంలోనే ఉంటుంది. వెలుగు 5.7 నుంచి 6.3 తరగతి వరకు తగ్గుతుంది (అంకె పెరిగితే వెలుగు తగ్గినట్టు). గ్రహణానికీ గ్రహణానికీ మధ్య 1.136 రోజులు, అంటే 27 గంటల 16 నిమిషాలు. చూడబోతే రోజూ ఒక గ్రహణం దొరికేట్టే ఉంది. కాగితం మీద పెడితే సంగతి తెలుస్తుంది.

జనవరి రెండో వారంలో ఒక సోమవారం రాత్రి 8 గంటలకు గ్రహణం మధ్య భాగం పడిందనుకుందాం. తరవాతిది మంగళవారం రాత్రి 11:16కు. ఆ తరవాత బుధవారం రాత్రి తెల్లవారితే గురువారం అనగా 2:31కి. ఆపైన శుక్రవారం తెల్లవారుజామున 5:47కు. అక్కడి నుంచి శనివారం పొద్దున 9, ఆదివారం మధ్యాహ్నం 12 దాటాక, సోమవారం మధ్యాహ్నం మూడున్నర. పగటి గ్రహణాలు ఎవరికీ అక్కర్లేదు. మిగిలినవి నాలుగు. సోమవారం 8 గంటలకు ఆ తార తూర్పున 16 డిగ్రీలే ఎక్కి ఉంటుంది. అది పనికిరాదు. శుక్రవారం తెల్లవారుజాముకు పడమట నేలకు ఆనుకుని ఉంటుంది. అదీ పోయింది. గ్రహణానికి ముందూ వెనకా కలిపి నాలుగు గంటలు వరసగా కొలవాలంటే, బుధవారం రాత్రిది చివర్లో 30 డిగ్రీల గీత కిందికి జారిపోతుంది. మంగళవారం ఒక్కటే మిగిలింది. ఆ రాత్రి తొమ్మిది గంటల ప్రాంతంలో తార గీత దాటి పైకొస్తుంది, అర్ధరాత్రి దాటాక 56 డిగ్రీల ఎత్తుకు చేరుతుంది. ఇవన్నీ జహీరాబాద్ అక్షాంశానికి కట్టిన అంకెలు. రంగాపూర్‌కు దాదాపు ఇవే. దూరదర్శిని హాన్లేలో ఉంటే గరిష్ఠ ఎత్తు 41 డిగ్రీలకు పడిపోతుంది. తమిళనాడులోని కావలూరుకు వెళ్తే 61కి పెరుగుతుంది.

ఎనిమిది రోజుల్లో ఒక్క రాత్రి. ఆ రాత్రికి మబ్బు పట్టకూడదు. ఈ సంగతి జనవరిలో దూరదర్శిని దగ్గర కూర్చున్నాక తెలిస్తే ఏమీ చేయలేం. ఆరు నెలల ముందు, రైతు పునర్వసు కార్తెలో కలుపు తీస్తుండగా తెలిస్తే రాత్రులు సరిగ్గా అడగవచ్చు.

అడగడం అన్న మాట నిజంగానే. పెద్ద దూరదర్శిని ఎవరి సొంతమూ కాదు. హాన్లేలో 4,500 మీటర్ల ఎత్తున ఉన్న 2 మీటర్ల హిమాలయన్ చంద్ర టెలిస్కోపుకు ఏడాదిని నాలుగేసి నెలల మూడు వాయిదాలుగా కోశారు. ప్రతి వాయిదాకు ముందు దరఖాస్తు పెట్టాలి. ఏ తార, ఎందుకు, ఎన్ని గంటలు, ఏ పరికరంతో, వెన్నెల ఉంటే పర్వాలేదా అన్నీ రాయాలి. ఒక సంఘం చదివి పంచుతుంది. మసక గెలాక్సీలు చూసేవాడికి అమావాస్య చుట్టూ ఉన్న రాత్రులు కావాలి. వెలుగున్న తార వర్ణపటం తీసేవాడు పౌర్ణమికీ సర్దుకుంటాడు. మన ఇళ్లలో అమావాస్య నాడు ప్రయాణం పెట్టుకోరు. ఖగోళ విద్యార్థి మాత్రం పెట్టె సర్దుకునేది సరిగ్గా అప్పుడే.

ఇప్పుడు పెట్టె సర్దుకుని లద్దాఖ్ దాకా వెళ్లే పని తప్పింది. బెంగళూరు పక్కన హోసకోటెలో భారతీయ ఖగోళ భౌతిక సంస్థ కేంద్రం నుంచి ఉపగ్రహం ద్వారా హాన్లే దూరదర్శినిని నడుపుతారు. కోలార్ దారిలో, తెలుగు వినపడే ఊళ్ల నడుమ, ఒక గదిలో కూర్చుని హిమాలయాల మీద అద్దాన్ని తిప్పడం వింతగానే ఉంటుంది. ఊపిరాడని ఎత్తు, గడ్డకట్టే చలి తప్పాయి. కాగితం పని మటుకు రవ్వంత కూడా తగ్గలేదు. ఎదురుగా ఆకాశం లేదు కాబట్టి తల ఎత్తి చూసి తప్పు దిద్దుకునే వీలు కూడా లేదు.

ఆ కాగితాల్లో మొదటిది టార్గెట్ లిస్టు. తార పేరు, స్థానం, వెలుగు, ఎన్ని సెకన్ల ఎక్స్‌పోజర్, ఏ గంటకు గీత పైకి వస్తుంది, ఏ గంటకు దిగుతుంది. ఇక్కడ కొత్తవాళ్లు పడే గుంట ఒకటుంది. భూమి అక్షం బొంగరంలా మెల్లగా ఊగుతుంది కాబట్టి తారల స్థానాల అంకెలు ఏడాదికి 50 వికలల చొప్పున జరుగుతాయి (డిగ్రీలో అరవయ్యో వంతు కళ, కళలో అరవయ్యో వంతు వికల). పాత పుస్తకాల్లో 1950 నాటి స్థానాలు ఉంటాయి, కొత్తవాటిలో 2000 నాటివి. ఒకదాని బదులు ఇంకోటి టైపు చేస్తే తేడా 40 కళలు దాటొచ్చు. అది చందమామ వెడల్పు కన్నా ఎక్కువ. హాన్లేలోని ప్రధాన కెమెరా ఒకసారికి చూసేది పది కళల చదరాన్నే. తార తెరమీదే ఉండదు. ఆ ఊగుడే రైతునూ వదలలేదు. దానివల్ల కార్తెలు ఋతువులతో పోలిస్తే సుమారు డెబ్భై ఏళ్లకు ఒక రోజు చొప్పున వెనకబడుతున్నాయి. ఉత్తరాయణం డిసెంబరు 21, 22లలో మొదలైపోతుంటే మనం సంక్రాంతిని జనవరి 14న చేసుకోవడం వెనక ఉన్నదీ అదే.

రెండోది ఫైండింగ్ చార్టు. ఒక్కో తారకు దాని చుట్టుపక్కల ఆకాశం ముక్క ఫొటో. దాని మీద ఉత్తరం ఎటు, తూర్పు ఎటు, కెమెరా ఎంత మేర చూస్తుందో గీసిన చదరం. భూపటంలో తూర్పు కుడివైపు ఉంటే ఆకాశ పటంలో ఎడమవైపు ఉంటుంది. ఎందుకంటే మనం దాన్ని కింద నుంచి చూస్తున్నాం. దూరదర్శినిలోని అద్దాలు దాన్ని మళ్లీ తిప్పుతాయి. తెల్లవారుజామున మూడింటికి, నిద్ర మత్తులో, అద్దంలో ప్రతిబింబాన్ని మనసులో తిరగేసుకోవడం ఎవరి తరమూ కాదు. అందుకే ఆ తిప్పుడేదో పగలే తిప్పి కాగితం మీద ఉంచుకుంటారు. అనుభవజ్ఞులు చార్టు మీద పెద్ద అక్షరాలతో మొద్దుగా రాసుకుంటారు. మూడింటికి చదివే మనిషి పగలు రాసిన మనిషి కన్నా తెలివి తక్కువవాడని వాళ్లకు తెలుసు.

టార్గెట్ లిస్టులో సొంత తారలే ఉంటే చాలదు. వెలుగు ఎంతో ముందే కచ్చితంగా కొలిచిపెట్టిన ప్రామాణిక తారలు కూడా ఉండాలి. అవి లేకపోతే కొలిచిన వెలుగుకు విలువ కట్టలేం, తూకం రాళ్లు లేని తక్కెడతో బేరం చేసినట్టే. జంట నక్షత్రాల పనిలో ఇంకో రెండు పొరుగు తారలు కావాలి. ఒకటి పోల్చడానికి, ఇంకోటి ఆ పోల్చే తారే మారడం లేదు కదా అని కనిపెట్టడానికి. పాత రోజుల్లో వెలుగును కరెంటుగా మార్చే గాజు గొట్టంతో కొలిచేటప్పుడు పోల్చే తార, అసలు తార, పక్కన ఖాళీ ఆకాశం, మళ్లీ పోల్చే తార అంటూ రాత్రంతా అదే వరస. కాగితం చుట్ట మీద కలం గీతలు గీస్తూ పోయేది. ఇప్పుడు కెమెరాలో మూడూ ఒకే ఫొటోలో పడతాయి. అవి పట్టేలా చదరాన్ని ఎటు జరపాలో తేల్చడం కూడా పగటి పనే.

ఇక ఆ రోజు మధ్యాహ్నం. కెమెరా చిప్పును చల్లబరచడానికి మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్ నింపుతారు. తరవాత మూత వేసి ఉండగానే సున్నా సెకన్ల ఫొటోలు తీస్తారు. వాటిని బయాస్ అంటారు. ఏ వెలుగూ పడకుండానే చిప్పు చూపే అంకె ఎంతో తెలుసుకుని తరవాత తీసెయ్యడానికి. పొద్దు కుంకగానే ఫ్లాట్‌లు. సమానంగా వెలిగే సంధ్యాకాశాన్ని ఫొటో తీస్తే చిప్పులో ఏ గడి ఎక్కువ వెలుగు చూపుతోంది, ఏ గడి తక్కువ చూపుతోంది, అద్దం మీద దుమ్ము ఎక్కడ పడింది, అన్నీ తెలుస్తాయి. దీనికి దొరికే సమయం చాలా తక్కువ. మన అక్షాంశాల్లో సంధ్య తొందరగా ముగుస్తుంది. ఆకాశం మరీ తెల్లగా ఉంటే ఫొటో నిండిపోతుంది, మరీ నల్లబడితే తారలు వచ్చేస్తాయి. ఏ ఫిల్టరు ముందు, ఏది తరవాత అని వరస రాసుకోనివాళ్లు ఫిల్టరు తిప్పుతూ ఉండగానే సంధ్య అయిపోతుంది.

మబ్బు సంగతి వేరే చెప్పాలా. నైరుతి వానల నెలల్లో దక్షిణ భారత వేధశాలలు దాదాపు ఖాళీగా ఉంటాయి. అద్దాలకు కొత్త అల్యూమినియం పూత వేయడం, మరమ్మతులు అప్పుడే. మంచి నెలల్లోనూ పల్చని మబ్బు తెర, గాలిలో తేమ వస్తాయి. తేమ హద్దు దాటితే అద్దం మీద నీరు పేరుకోకముందే గుమ్మటం మూసెయ్యాలి. ఎంత మంచి తార గ్రహణంలో ఉన్నా సరే. కాబట్టి సిద్ధపడి వచ్చినవాళ్ల దగ్గర రెండో జాబితా ఉంటుంది. పల్చని మబ్బులోనూ పని జరిగే ప్రకాశవంతమైన తారలు, రాత్రిలో రెండు గంటలే దొరికితే చేయగల చిన్న పనులు. వాన ఆలస్యమైతే పంట మార్చుకునే జహీరాబాద్ రైతుకు ఈ ఏర్పాటును విడమర్చి చెప్పక్కర్లేదు.

తెలుగు నేల మీద ఇలాంటి సన్నాహాల్లో అన్నిటికన్నా సాహసమైంది 1868 ఆగస్టు 18న జరిగింది. సంపూర్ణ సూర్యగ్రహణం, అదీ నడి వానాకాలంలో. గుంటూరులో బ్రిటిష్ అధికారి టెన్నంట్ బృందం, ఫ్రాన్స్ నుంచి వచ్చిన జాన్సెన్. మచిలీపట్నంలో మద్రాసు వేధశాల అధిపతి పాగ్సన్. ఆ వేధశాలలోనే పనిచేసే చింతామణి రఘునాథాచారి వనపర్తికి వెళ్లారు. నెలల తయారీ ఆరు నిమిషాలలోపు చీకటి కోసం. సూర్యుడి అంచున ఎగసే జ్వాలల వర్ణపటంలో జాన్సెన్ ప్రకాశమైన గీతలు చూశాడు. అవి ఎంత బలంగా ఉన్నాయంటే, గ్రహణం లేకపోయినా కనిపించాలి కదా అనుకున్నాడు. పరికరం అమర్చే ఉంది. మరునాడే మామూలు పగటి సూర్యుడి మీద పెట్టి చూశాడు, కనిపించాయి. ఆ గ్రహణంలో నమోదైన పసుపు గీత నుంచే హీలియం కథ మొదలైంది. 1980 ఫిబ్రవరి 16 మధ్యాహ్నం ఇంకో సంపూర్ణ గ్రహణం తెలంగాణ మీదుగా పోయింది. జాపాల-రంగాపూర్ దాని దారిలోనే పడింది, జహీరాబాద్ ఆ దారికి ఉత్తరాన ఉండిపోయింది. చీకటి రెండు నిమిషాల పైచిలుకు. జనం తలుపులు వేసుకుని ఇళ్లలో కూర్చుంటే, వేధశాల దగ్గర మాత్రం పరికరాలన్నీ సూర్యుడి వైపే తిరిగి ఉన్నాయి.

కావలూరు కథ ఇంకో తీరు. ఆ కొండను ఎంచినది వేణు బాప్పు. తండ్రి నిజామియా వేధశాల ఉద్యోగి. కొడుకు హైదరాబాద్‌లో ఆ గుమ్మటం నీడన పెరిగాడు, నిజాం కాలేజీలో చదివాడు. దక్షిణాకాశం బాగా దక్కాలని జవ్వాది కొండల్లో 12.6 డిగ్రీల అక్షాంశం దగ్గర చోటు వెతికాడు. 1972లో అక్కడికి 1 మీటరు దూరదర్శిని వచ్చింది. 1977 మార్చి 10న యురేనస్ గ్రహం ఒక తార ముందు నుంచి పోతుందని లెక్క కట్టారు. లెక్కలో కొన్ని నిమిషాల అనుమానం ఉంది. హిందూ మహాసముద్రం మీద విమానంలో దూరదర్శినితో ఎగురుతున్న అమెరికా బృందం అందుకే రికార్డరును బాగా ముందే ఆన్ చేసింది. గ్రహం రావడానికి చాలాముందే తార వెలుగు కొన్నిసార్లు చటుక్కున తగ్గింది. అవి యురేనస్ వలయాలు. కావలూరులో భట్టాచార్య, కుప్పుస్వామి నమోదు చేసిన గీతలోనూ తగ్గుదల పడింది.

ఇలా ముందే ఆన్ చేయడం పరిశీలకులకు అలవాటు. గ్రహణం తొమ్మిదింబావుకు మొదలవుతుందని లెక్క చెప్తే, ఎనిమిదిన్నరకే కెమెరా నడుస్తూ ఉంటుంది. లాగ్‌షీట్‌లో మొదటి వరస అప్పుడే పడుతుంది: తేదీ, సమయం, తార, ఫిల్టరు, ఎక్స్‌పోజర్, గాలి, తేమ. ఆఖరున ఒక గడి ఖాళీ ఉంటుంది, ఏదైనా వింతగా కనిపిస్తే రాయడానికి.

డిసెంబరుకు జహీరాబాద్ పొలాల్లో కంది కోతకొస్తుంది, శనగ పచ్చగా పరుచుకుంటుంది. ఆలుగడ్డ తోటలకు కొందరు రాత్రి నీళ్లు పెడతారు. బోరు దగ్గర కూర్చున్న మనిషికి తల ఎత్తితే నడినెత్తి దగ్గర మృగశిర కనిపిస్తుంది. కాస్త పడమటగా పిల్లలకోడి ఉంటుంది. మిరుగు నాడు చేపలు కొన్నప్పుడు లేని నక్షత్రం ఇప్పుడు మడి నిండేదాకా అక్కడే ఉంటుంది. దాని వెనకే, సిరియస్ పక్కన, కంటికి లీలగా ఆనే ఒక జంట తూర్పు నుంచి పైకి వస్తూ ఉంటుంది. హోసకోటె గదిలో ఎవరో దాని చార్టు మీద పెద్ద అక్షరాలతో 'ఉత్తరం పైకి, తూర్పు ఎడమకు' అని రాసుకుని టేబుల్ మీద పెట్టుకుని ఉంటారు.